హౌరా వంతెనపై రెండు మార్పులు

కోల్‌కతాలోని హౌరా వంతెన 1943లో వాడుకలోకి వచ్చింది. ఇందులో సుమారు 26,500 టన్నుల ఉక్కు ఉంది. పదార్థంలో జరిగే రెండు రకాల మార్పులనూ ఈ ఉక్కులో చూడవచ్చు.

ఎండకు ఉక్కు వ్యాకోచిస్తుంది. వంతెన ప్రధాన భాగం పొడవు 457 మీటర్లు. అంత పొడవైన ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 11 సెంటీమీటర్లు సాగుతుంది. చల్లబడితే మళ్లీ కుదించుకుంటుంది. ఉక్కు మాత్రం ఉక్కుగానే ఉంటుంది. ఇది భౌతిక మార్పు.

తుప్పు సంగతి వేరు. ఇనుము నీటితో, ఆక్సిజన్‌తో కలిసి కొత్త పదార్థంగా మారుతుంది. అదే తుప్పు. దానికి లోహానికుండే బలం ఉండదు, పొరలుగా రాలిపోతుంది. చల్లబరిచినా తిరిగి ఇనుము కాదు. ఇది రసాయన మార్పు.

పాదచారులు ఉమ్మే పాన్, గుట్కా వల్ల వంతెన స్తంభాల అడుగున ఉన్న ఉక్కు తొడుగులు 6 మిల్లీమీటర్ల మందం నుంచి 3 మిల్లీమీటర్లకు తగ్గాయని 2011లో వార్తలు వచ్చాయి. ఉమ్మిలోని తేమ, లవణాలు తుప్పును వేగవంతం చేస్తాయి. ఆ తర్వాత స్తంభాల అడుగుభాగానికి ఫైబర్‌గ్లాస్ కవచాలు అమర్చారు. రంగు పూసినా, కవచం తొడిగినా ఉద్దేశం ఒక్కటే: నీరు, గాలి ఇనుమును తాకకూడదు. ఉమ్మకుండా ఉండటం అంతకంటే తేలిక.