సెల్ టార్చ్‌లో కోడిపిల్ల

40 గుడ్లు పెడితే 9 పిల్లలు. ఇదండీ నా మొదటి విడత స్కోరు!

విశాఖలో ఉద్యోగం మానేసి బొబ్బిలి దగ్గర మా ఊరొచ్చేశాను. అమ్మ పాడుకున్న చీటీ డబ్బుతో గుడ్లు పొదిగే మెషీన్ కొన్నాను. ఆర్నెల్లలో తిరిగిచ్చేస్తానని మాటిచ్చాను. అందుకే ఆ 31 గుడ్లూ పారేయబుద్ధి కాలేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పెరట్లో ఒక్కొక్కటే పగలగొట్టి చూశాను. కంపు సంగతి అడక్కండి.

14 గుడ్లలో అసలు పిల్ల జాడే లేదు. తప్పు మెషీన్‌ది కాదు, పుంజుది. 22 పెట్టలకి ఒక్కటే ముసలి పుంజు! 8, 10 పెట్టలకో పుంజు ఉండాలి. మరో 6 గుడ్లలో పిల్ల మొదట్లోనే చచ్చిపోయింది. మెషీన్ నిండాలని 15 రోజులపాటు గుడ్లు పోగేశాను, అదీ మే నెలలో, వంటింటి అటక మీద. వారం దాటితే గుడ్డులో సత్తువ తగ్గుతుంది. ఎండ వేడికి లోపల పిల్ల సగంసగం మొదలై ఆగిపోతుంది.

నన్ను ఏడిపించినవి మాత్రం మిగిలిన 11. పూర్తిగా తయారైన పిల్లలు, ఈకలతో సహా, పెంకులోనే పోయాయి. ఆఖరి మూడు రోజులు మూత తియ్యకూడదు. తీస్తే తేమ పోయి, లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది. నేనేమో రీల్ కోసం గంటగంటకీ తీశాను.

"ఓరి గుంటడా, పెట్ట కింద ఎడితే పోయేది కదరా" అంది నాయనమ్మ. ఆవిడ పద్ధతి వేరు. గంపలో ఇసక పోసి, పైన గడ్డి పరిచి, 11 గుడ్లు పెట్టి, పిడుగులకి గుడ్లు చెడకుండా ఓ ఇనపముక్క పడేస్తుంది. ఇనపముక్కకి నవ్వాను గానీ, మిగతాదంతా సైన్సే. తడి ఇసక మీద కుండ పెట్టి, గుడ్లు అందులో దాచి, పైన తడిగుడ్డ కప్పుతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ రాకముందు నుంచీ ఇదే.

"అయితే పెట్టలతోనే పొదిగించొచ్చుగా?" అంటారేమో. పొదుగుకి కూచున్న పెట్ట ఆ రోజుల్లోనూ, పిల్లల్ని తిప్పే రోజుల్లోనూ గుడ్డు పెట్టదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా కోళ్లయితే అసలు పొదుగుకే కూచోవు. మెషీనో, నాటుపెట్టో ఉండాల్సిందే.

రెండో విడతకి ఇద్దరు కుర్ర పుంజుల్ని దింపాను. నాయనమ్మ కుండలోంచి వారంలోపు గుడ్లే తీసుకున్నాను, కడగకుండా. మెషీన్ అంకెని నమ్మకుండా జ్వరం చూసే థర్మామీటర్ పక్కన పెట్టి సరిచూశాను. 99.5 ఫారన్‌హీట్ ఉండాలి. గుడ్లు రోజుకి మూడుసార్లు తిప్పాను, 18వ రోజున ఆపేశాను. కరెంటు పోయినప్పుడల్లా దుప్పటి కప్పాను.

7వ రోజు రాత్రి లైట్లార్పి, సెల్ టార్చ్ మీద గుడ్డు ఆనించి చూశాను. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదులుతున్న చిన్న చుక్క! మీ ఫోన్‌లో ఇంతకన్నా మంచి వీడియో లేదు, ఒట్టు. 7 గుడ్లు ఖాళీగా కనిపిస్తే తీసేశాను. ఆఖర్న మూత మీద టేపేసి, ఫోన్ అమ్మకిచ్చేశాను.

21వ రోజు తెల్లారేసరికి లోపల కిచకిచలు. లెక్కపెడితే 28!

వారం రోజులకి కొక్కెర తెగులు రాకుండా లాసోటా చుక్కలు కంట్లో వేయించాను. రెంటిని కాకి ఎత్తుకుపోయింది, 26 ఉన్నాయి. అమ్మ బాకీ ఇంకా తీరలేదు. సంక్రాంతికి నాటుకోడికి ధర ఉంటుంది కదా, అప్పటికి కొంతైనా ఇస్తాను.

నిన్న నాయనమ్మ కొంగులో ఐదు గుడ్లు తెచ్చింది. "ఇవి కూడా నీ పెట్టెలో ఎట్టు. ఇనపముక్క మర్సిపోకు."

పెట్టాను. ఇనపముక్క పెట్టె మీద ఉంది.