ఎర్ర ఇంకు కింద ఏముంది?

జూన్ వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల ముందు సందడే సందడి. లాంగ్‌నోట్సులు, అట్టలు, గైడ్లు... ఆ కట్టలో ఇంగ్లిష్ గైడు ఉండాల్సిందే. ఉత్తరమైనా వ్యాసమైనా అందులో సిద్ధంగా ఉంటుంది. పిల్లాడు బట్టీ పడతాడు. మార్కులూ వస్తాయి. తీరా ‘నిన్న ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏం చూశావో నాలుగు వాక్యాలు రాయి’ అంటే పెన్ను కదలదు! రాసినా నోట్సు నిండా ఎర్ర ఇంకే. వారం తిరిగేసరికి మళ్లీ అవే తప్పులు.

దీనికో ఉపాయం ఉంది. పేరు యాక్షన్ రీసెర్చ్. తెలుగులో చర్యాత్మక పరిశోధన. డీఎస్సీ పుస్తకాల్లో అదో బిట్టు ప్రశ్న. తరగతి గదిలోకి తెస్తే మాత్రం టీచరు చేతిలో మంచి పనిముట్టు.

టీచరే పరిశోధకుడు

ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు కర్ట్ లెవిన్ అనే సామాజిక మనోవిజ్ఞానవేత్త, 1946లో. కొలంబియా యూనివర్సిటీకి చెందిన స్టీఫెన్ కోరే 1953లో దాన్ని బడుల దాకా తెచ్చాడు. ఎవరో వచ్చి పరిశోధించి చెప్పేదాకా ఆగకుండా, తన తరగతి సమస్యను టీచరే పరిశీలించి మార్పు చేసి చూడాలన్నది అందులోని సారం. మెట్లు నాలుగే: ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, పునరాలోచన. ఫలితం రాకపోతే మళ్లీ మొదటి మెట్టు!

తప్పు వెనక తెలుగు

ఎనిమిదో తరగతిలో ఓ టీచరు ఇది మొదలుపెట్టారనుకుందాం. గైడు మూయించి, ఇరవై నిమిషాలు సొంతంగా రాయిస్తారు. వెంటనే దిద్దరు. ఏ రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేస్తారు. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి!

‘బజారుకెళ్లి, పెన్ను కొని, ఇంటికొచ్చాను’... తెలుగులో కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే. పిల్లాడు అదే పద్ధతిలో ‘ఐ గో బజార్, బై పెన్, కేమ్ హోమ్’ అని రాసేస్తాడు. ‘వాన వస్తోంది’ కాస్తా ‘రెయిన్ ఈజ్ కమింగ్’ అవుతుంది. ‘ఏ’, ‘ది’ లాంటి మాటలు తెలుగులో లేవు కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఎగిరిపోతాయి. ఇవి తెలివి లేక చేసిన తప్పులు కావు. అమ్మభాష అలవాట్లు!

ఒక్కటే మార్పు

అన్నీ ఒకేసారి దిద్దితే ఏదీ బుర్రకెక్కదు. అందుకే టీచరు ఒక్కటే ఎంచుకుంటారు... జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు క్రియ. తప్పున్న చోట సరైన మాట రాయరు, కింద గీత మాత్రం గీస్తారు. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని కారణం వెతుక్కుంటారు. అదే వ్యాసాన్ని రెండోసారి రాస్తారు. ఇలా ఆరు వారాలు. తర్వాత అలాంటిదే కొత్త అంశమిచ్చి, మొదటి రోజు నోట్సుతో పోలుస్తారు. బాగా రాసేవాళ్లవే కాదు, వెనక బెంచీ వాళ్లవీ చూడాల్సిందే. తప్పులు తగ్గకపోతే? అదీ ఫలితమే. పద్ధతి మార్చి మళ్లీ చూడటమే.

చిలీ దేశంలో 2013 నుంచి ఇంగ్లిష్ టీచర్లకు ఇలాంటి శిక్షణే ఇచ్చారు. అక్కడా మొదటి సూత్రం ఇదే... మందు వేసేముందు జబ్బేమిటో పిల్లల్ని అడిగి తెలుసుకోవడం.

ఇంగ్లిష్ పీరియడ్‌తో పోయేది కాదు

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో సక్సెస్ పథకంతో వేలాది సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ మీడియంలో చదివే పిల్లలకు సైన్సు, సోషల్ జవాబులూ ఇంగ్లిష్‌లోనే రాయాలి. పాఠం అర్థమైనా వాక్యం రాకపోతే మార్కులు పోతాయి, ధైర్యమూ పోతుంది. కిక్కిరిసిన తరగతిలో అందరి నోట్సులూ చూడటం టీచరుకు కష్టమే. అందుకే ఒక సెక్షన్, ఒక సమస్యతో మొదలుపెట్టినా చాలు.

అమ్మానాన్నలూ ఓ చెయ్యి వేయొచ్చు. ఈసారి నోట్సు తెరిచినప్పుడు ‘ఎన్ని మార్కులు?’ అనేముందు, ‘ఇందులో నువ్వు సొంతంగా రాసిందేదిరా?’ అని అడగండి. తప్పులున్నా సరే... ఆ నాలుగు వాక్యాలే వాడి అసలు ఇంగ్లిష్!