టోపీ మీది గుర్రపు నాడా

యుద్ధఖైదీ ఫొటో ఎదురుగా పెడితే ఎవరి కళ్లయినా ముందు మొహం మీదికే పోతాయి. పాత ఫొటోల్లో జర్మన్ జలాంతర్గామి (యూ-బోటు) సిబ్బందిని గుర్తుపట్టే పనిలో ఉన్నవాళ్లు మాత్రం ముందు కుడి రొమ్ము చూస్తారు. హిట్లర్ కాలపు నావికుడి కోటు మీద గద్ద బొమ్మ ఉండేది ఆ వైపే. ఐరన్ క్రాస్, యూ-బోటు పతకం ఎడమ వైపు. గద్ద ఎడమకు వచ్చిందంటే నెగటివ్‌ను తిరగేసి ముద్రించారన్నమాట. అది తేలాకే మిగతా గుర్తుల జోలికి వెళ్లాలి.

తర్వాత చేతులు. అధికారి ముంజేతి చుట్టూ బంగారు పట్టీలు ఎన్నో లెక్కపెట్టాలి. ఒకటైతే లాయిట్‌నాంట్, రెండైతే ఓబర్‌లాయిట్‌నాంట్, రెంటి మధ్య సన్నగా మూడోది దూరితే కపిటాన్‌లాయిట్‌నాంట్. పైన నక్షత్రం ఉంటే ఓడ నడిపే వర్గం, పళ్లచక్రం ఉంటే ఇంజినీరు. అధికారుల కింది పెట్టీ ఆఫీసర్లకు ఎడమ భుజం కింద లంగరు. దానికి మెరుపు తోడైతే వైర్‌లెస్ మనిషి, పళ్లచక్రం తోడైతే ఇంజిన్ గది మనిషి.

ఇన్ని చూసినా ఆ మనిషి హోదా, పని తెలుస్తాయి తప్ప ఏ జలాంతర్గామివాడో తెలియదు. అది కావాలనే చేశారు. యుద్ధానికి ముందు నావికుడి టోపీ పట్టీ మీద ఫ్లోటిల్లా (బోట్ల దళం) పేరు ఉండేది. 1939లో యుద్ధం మొదలయ్యాక గోప్యత కోసం దాన్ని తీసేసి, అందరికీ ‘క్రీగ్స్‌మరీన్’ (జర్మన్ నౌకాదళం) అన్న ఒక్క మాటే మిగిల్చారు. పైవాళ్లు అంత జాగ్రత్తగా చెరిపేసిన ఆనవాలును కుర్రాళ్లు వెనక్కి తెచ్చేసుకున్నారు. తమ బోటు గోపురం మీద వేసుకున్న బొమ్మనే చిన్న లోహపు బిళ్లగా చేయించి టోపీ పక్కన తగిలించుకున్నారు. నిబంధనల్లో లేని ఈ ముచ్చటే ఇవాళ మనకు అన్నిటికన్నా గట్టి ఆధారం.

యూ-99నే చూడండి. కమాండర్ ఓటో క్రెచ్‌మర్. బోటు బొమ్మ బంగారు గుర్రపు నాడా, కొనలు కిందికి. 1941 మార్చి 17న బ్రిటిష్ డెస్ట్రాయర్ వాకర్ దాన్ని ముంచి, క్రెచ్‌మర్‌నూ ఆయన మనుషుల్నీ నీళ్లలోంచి తీసి లివర్‌పూల్‌కు చేర్చింది. విచిత్రమేమంటే వాకర్ చిహ్నమూ గుర్రపు నాడానే, కాకపోతే కొనలు పైకి. అదృష్టం ఎవరి నాడాలో నిలిచిందో ఆ ఓడ మీదే మాట్లాడుకున్నారట. పట్టుబడినవాళ్లను ప్రశ్నించే బ్రిటిష్ నావికా అధికారులు బోట్ల బొమ్మల్ని తమ నివేదికల్లో రాసిపెట్టారు. టోపీ బిళ్ల కనబడిన ఫొటోను ఇప్పుడు పోల్చి చూసుకునేది ఆ కాగితాలతోనే.

అలాగని బిళ్ల కనబడగానే బోటు దొరికిందని సంబరపడకూడదు. బుసకొట్టే ఎద్దు బొమ్మ మొదట గుంటర్ ప్రీన్ నడిపిన యూ-47ది. తర్వాత 7వ ఫ్లోటిల్లా మొత్తం దాన్ని తీసుకుంది. ఒలింపిక్ వలయాలు ఉంటే కమాండర్ 1936లో నౌకాదళంలో చేరిన బ్యాచ్‌వాడని అర్థం; ఆ బ్యాచ్‌వాళ్ల బోట్లు చాలానే ఉన్నాయి. తెల్ల టోపీ కమాండర్‌దన్నదీ ఆనవాయితీయే తప్ప చట్టం కాదు. బట్టలైతే మరీ మోసం. 1940లో ఫ్రాన్స్‌లో జర్మన్ల చేతికి చిక్కిన బ్రిటిష్ సైనిక దుస్తులు గుట్టలు గుట్టలుగా యూ-బోటు సిబ్బందికి చేరాయి. కాబట్టి బ్రిటిష్ కోటు తొడుక్కున్నాడని అతణ్ని కాపలావాడి కింద జమకట్టేయకూడదు.

ఒక్కోసారి చదవడానికి ఏ గుర్తూ మిగలదు. 1943 ఏప్రిల్ 17న అమెరికన్ కోస్ట్ గార్డ్ నౌక స్పెన్సర్ దాడిలో యూ-175 మునిగింది. 41 మందిని బతికించారు. ఆనాటి కొన్ని ఫొటోల్లో కనిపించేవి అలల మీద తేలే తలలే. ఇలాంటిచోట తేదీ, నౌక పేరు, ఫొటో వెనక రాసిన రెండు ముక్కలే దిక్కు. యూ-బోట్లలో పనిచేసిన దాదాపు 40,000 మందిలో 28,000 మందికి పైగా చనిపోయారు. పట్టుబడినవాళ్లు సుమారు 5,000. తాత బతికి ఒడ్డుకు చేరాడో లేదో ఫొటోల్లో వెతుక్కునే కుటుంబాలకు ఆ రెండు ముక్కలే చాలా పెద్ద మాట.

1944 జూన్ 4న పట్టుబడిన యూ-505 సిబ్బంది సంగతి ఇంకా వేరు. బోటు చిక్కిందని శత్రువుకు తెలియకూడదని అమెరికన్లు వాళ్లను లూసియానాలోని రస్టన్ శిబిరంలో విడిగా దాచారు. రెడ్‌క్రాస్‌కు కూడా చెప్పలేదు. ఇంట్లోవాళ్లు వీళ్లంతా చనిపోయారనే అనుకున్నారు.

అన్నిటికన్నా తికమక పెట్టేవి 1945 మేలో, న్యూహాంప్‌షర్‌లోని పోర్ట్స్‌మత్‌లో తీసిన ఫొటోలు. లొంగిపోయిన యూ-234 నుంచి దిగినవాళ్లలో అందరికన్నా పెద్ద హోదా కనిపించేది ఉల్రిచ్ కెస్లర్ మీద. ఆయనే కమాండర్ అనుకుంటే పొరపాటు. అది వాయుసేన జనరల్ యూనిఫాం. వాయుసేన గద్ద ఎగురుతున్నట్టుంటుంది, నౌకాదళ గద్ద రెక్కలు అడ్డంగా, తిన్నగా చాచి ఉంటుంది. బోటు నడిపింది యోహాన్ హైన్రిచ్ ఫేలర్. కెస్లర్ అందులో ప్రయాణికుడు, ఉద్యోగం మీద టోక్యో వెళ్తున్నాడు.