పల్లె నీటి పద్దు

రాబడి ఎంతయో తెలియక ఖర్చు పెట్టు సంసారము నిలువదు. కాని నేలక్రింది నీటి విషయమున అనేక గ్రామములు చిరకాలము అట్లే చేసినవి. బావిలో నీరున్నంతకాలము తోడుట, అది ఎండిన పిమ్మట మరియొక బోరు వేయుట ఆచారమైనది. ఆ క్రొత్త బోరులోను నీరు పడనిచో రైతునకు మిగులునది అప్పు మాత్రమే.

శీతోష్ణస్థితిలో వచ్చుచున్న మార్పు ఈ చిక్కును మరింత పెంచుచున్నది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినచో అది ఇముడ్చుకొనగల నీటియావిరి సుమారు నూటికి 7 పాళ్లు హెచ్చును. అందువలన కురిసినప్పుడు కుండపోతగా కురియుటకు అవకాశము పెరుగును. కుండపోత వానలో చాలభాగము నేలలో ఇంకకయే వాగుల వెంట పారిపోవును. పైగా ఎండ తీవ్రమైనకొలది పైరు కోరు నీరు కూడ పెరుగును. ఇట్లు రాబడి నిలకడ తప్పుచు ఖర్చు పెరుగుచున్నప్పుడు లెక్క వ్రాసికొనుట తప్పనిసరి యగును.

ఆ లెక్క ఎవరు వ్రాయవలెను? భారత ప్రభుత్వము 2008 జూన్ 30వ తేదీన శీతోష్ణస్థితి మార్పును ఎదుర్కొనుటకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించెను. అందలి ఎనిమిది ఉద్యమములలో నీటికి సంబంధించినది ఒకటి. తరువాత రాష్ట్రములును తమ ప్రణాళికలు తయారుచేసికొనెను. ఇవి యన్నియు అవసరమే. ఋతుపవనముల తీరు, రాబోవు దశాబ్దముల ఉష్ణోగ్రత మున్నగువానిని ఏ ఒక్క పల్లెయు స్వయముగా లెక్కింపజాలదు. కాని ఫలాని పల్లెలోని ఫలాని బావిలో ఈ ఏడు నీరెంత ఉన్నదో రాజధానికి తెలియదు.

రాయలసీమ, తెలంగాణములలో చాలభాగము గ్రానైటు వంటి కఠినశిలలపై నున్నది. ఇసుకనేలలోవలె ఈ రాళ్లలో నీరు అంతటను సమముగా వ్యాపింపదు. పైన శిథిలమైన పొరలోను, క్రింద పగుళ్లలోను మాత్రమే నిలుచును. అందువలన ఒక బోరులో నీరు సమృద్ధిగా నుండగా, ప్రక్క పొలములోని బోరు ఎండిపోవచ్చును. ఇట్టిచోట దూరపు సగటు అంకెలతో పని జరుగదు, అక్కడికక్కడ కొలువవలసినదే.

రైతులే కొలతగాండ్రు

ఈ పనిని అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఒక పథకము చేసి చూపినది. రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను ఈ పథకము 2003 ప్రాంతమున మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోను, స్వచ్ఛంద సంస్థల కృషితోను నడచెను. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరము, నల్లగొండ జిల్లాలలో 600కు పైగా గ్రామములు ఇందు పాల్గొనెను.

రైతులు, స్త్రీలును పురుషులును, మూడు కొలతలు నేర్చిరి. వర్షమాపకములో ఏనాటి వాన ఆనాడు కొలిచిరి. నీరు తగులగానే సంకేతమిచ్చు సాధనమును తీగతో దింపి, బావిలో నీటిమట్టము ఎంత లోతున నున్నదో గుర్తించిరి. బోరు గొట్టము క్రింద డ్రమ్ము నుంచి అది నిండుటకు పట్టిన కాలమును లెక్కించిరి. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకనులలో నిండినచో ఆ బోరు సెకనునకు 2 లీటర్ల నీరిచ్చుచున్నదన్నమాట. ఈ అంకెలను ఊరిలో అందరకు కనబడునట్లు బోర్డుమీద వ్రాసిరి.

పద్దు వేయు విధము

ఖరీఫ్ ముగిసి రబీ మొదలగు వేళ రైతులు సమావేశమై నీటి పద్దు వేయుదురు. ఆ లెక్క బోధపడుటకు ఒక పల్లెను ఊహింపవచ్చును. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో 10 ఘనమీటర్లు, అనగా 10,000 లీటర్ల నీరగును. పల్లె వైశాల్యము 1,000 హెక్టార్లు, వాన 500 మిల్లీమీటర్లు అయినచో మొత్తము 50 లక్షల ఘనమీటర్లు. కఠినశిలా ప్రాంతమున ఇందు పదింట ఒక వంతు భూగర్భమును చేరునని కొన్నచో రాబడి 5 లక్షలు. త్రాగునీటికి, ఖరీఫ్ తడులకు 2 లక్షలు పోగా రబీకి మిగులునది 3 లక్షలు.

వరికి హెక్టారునకు సుమారు 12,000 ఘనమీటర్లు వలయుననుకొన్నచో, ఆ నీరు 25 హెక్టార్లకే చాలును. 5,000 ఘనమీటర్లతో పండు వేరుశనగ వంటి ఆరుతడి పంట వేసినచో 60 హెక్టార్లు పండును.

ఇప్పుడు వాన 400 మిల్లీమీటర్లే కురిసినదనుకొందము. రాబడి 4 లక్షలకు తగ్గును. ముందు ఖర్చు మాత్రము తగ్గదు. రబీకి మిగులునది 2 లక్షలే. వాన అయిదింట ఒక వంతు తగ్గగా, రబీ నీరు మూడింట ఒక వంతు తగ్గినది. లోటంతయు చివరి పంటపై పడుననుటయే ఈ లెక్క నేర్పు పాఠము. పద్దు వేయని పల్లెకు ఇది పైరు ఎండిన పిమ్మట తెలియును. వేసిన పల్లెకు విత్తకముందే తెలియును.

ఫలితములు, పరిమితులు

ఈ పథకమున ఎవరును ఏ పంట వేయవలెనో ఆజ్ఞాపింపలేదు. నీరు తక్కువగా తోడినందుకు బహుమానమును ఈయలేదు. నిర్ణయము రైతుదే. అయినను ప్రపంచ బ్యాంకు 2010లో ప్రకటించిన నివేదిక ప్రకారము, మూడేండ్లపాటు వరుసగా రబీలో నీటి తోడకమును తగ్గించుకొన్న ప్రాంతములు నూటికి 42. అప్పుడప్పుడు తగ్గించినవి మరి సగము.

కాని పరిమితులును కలవు. పొరుగువాడు క్రొత్త బోరు వేసినచో ఈ పద్దు అతనిని ఆపజాలదు. కొలుచువారికి ప్రోత్సాహము కొరవడినను, చెడిన పరికరము బాగుచేయువారు లేకున్నను పుస్తకము మూతపడును. కావుననే స్థానిక సామర్థ్యమునకు జాతీయ వ్యవస్థ అండ కావలెను. భారత ప్రభుత్వము 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన క్రింద ఏడు రాష్ట్రములలో గ్రామ పంచాయతీలు నీటి పద్దును, నీటి భద్రతా ప్రణాళికను తయారుచేయు పద్ధతి ఏర్పడినది. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

ఈ విద్యకు తొలి పాఠశాల ఉన్నత పాఠశాలయే కావచ్చును. ఆవరణలో ఒక వర్షమాపకము, సమీపమున ఒక బావి, ఒక నోటు పుస్తకము ఉన్నచో చాలును. ఏటేట ఒక తరగతి మరియొక తరగతికి ఆ పుస్తకమును అప్పగించినచో, పదేండ్లకు ఆ ఊరి నీటి చరిత్ర సిద్ధమగును. అది మరి ఏ కార్యాలయమునను దొరకదు.