మైనంలో దాచిన ముక్క ఏమి చెబుతుంది?

ముక్క తీసి పరీక్షకు పంపారంటే ఇంట్లో అందరికీ ఒకటే భయం, క్యాన్సరా కాదా అని. రిపోర్టు వచ్చాక ఆ ముక్క సంగతి ఎవరికీ గుర్తుండదు. కానీ అది మైనపు దిమ్మలో భద్రంగా ల్యాబు అలమారలో ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్త ప్రశ్న పుడితే దాన్నే మళ్లీ బయటికి తీస్తారు. పరిశోధకులు ఇప్పుడు అలాంటి ముక్కలను అడుగుతున్న ప్రశ్నల్లో ఒకటి: ఈ కణాలు తమ చెత్తను తాము శుభ్రం చేసుకుంటున్నాయా?

ఈ శుభ్రతకు ఆటోఫజీ అని పేరు. తనను తాను తినడం అని ఆ గ్రీకు మాటకు అర్థం. 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ ఈ పేరు పెట్టారు. వినడానికి భయంగా ఉన్నా పని మంచిదే. పాత చీరలు పారేయకుండా బొంత కుట్టుకుంటాం కదా, కణం కూడా పాడైన భాగాలను ఒక పొరతో సంచిలా మూటగట్టి, లైసోజోమ్ అనే జీర్ణపు తిత్తికి అప్పగిస్తుంది. అక్కడ అవి కరిగి తిరిగి ముడిసరుకు అవుతాయి. ఈస్టు కణాల్లో ఈ పని ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

సంచి తయారయ్యేటప్పుడు ఎల్‌సీ3 అనే ప్రోటీను దాని పొరకు అతుక్కుంటుంది. పీ62 అనే మరో ప్రోటీను చెత్తను సంచిలోకి చేర్చి, చెత్తతోపాటు తానూ కరిగిపోతుంది. ముక్కలో వెతికేది ముఖ్యంగా ఈ రెండింటినే. మైనపు దిమ్మ నుండి సుమారు 4 మైక్రాన్ల మందంలో, అంటే ఎర్రరక్తకణం వెడల్పు కంటే పలుచగా, ఒక పొరను కోసి స్లైడు మీద పరుస్తారు. మైనం కరిగించి తీసేసి, ఆ పొరను ద్రావణంలో వేడి చేస్తారు. ఫార్మాలిన్ బిగించేసిన ప్రోటీనులు అప్పుడు కొంత విచ్చుకుంటాయి. తరువాత ఆ ప్రోటీనును మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేసి, అది పట్టిన చోట గోధుమరంగు వచ్చేలా చేస్తారు. సూక్ష్మదర్శినిలో ఎల్‌సీ3 సన్నని చుక్కలుగా కనిపిస్తే సంచులు ఉన్నట్టు.

చిక్కు ఇక్కడే ఉంది. రైల్వే గేటు దగ్గర తీసిన ఒక ఫోటోలో బస్సులు బారులు తీరి ఉన్నాయనుకోండి. ఆ దారిలో రాకపోకలు ఎక్కువనా, గేటు పడిందనా? ఫోటో చూసి చెప్పలేం. చుక్కలు ఎక్కువగా ఉన్నా అంతే. శుభ్రత జోరుగా సాగుతూ ఉండవచ్చు, లేదా సంచులు కరగక పేరుకుపోయి ఉండవచ్చు. బతికున్న కణాలైతే మలేరియా మందు క్లోరోక్విన్‌తో చివరి మెట్టును ఆపి, ఎన్ని సంచులు పోగవుతాయో కొలవవచ్చు. ఫార్మాలిన్‌లో వేసిన ముక్కలో ఆ అవకాశం లేదు. అందుకే రెండు ప్రోటీనులనూ కలిపి చూస్తారు. పీ62 కూడా పేరుకుంటే ఎక్కడో ఆగిందని అనుమానిస్తారు. అదీ అనుమానమే, ఎందుకంటే వేరే కారణాలతోనూ పీ62 పెరుగుతుంది.

అయినా కొన్ని జబ్బుల్లో ఇది పనికి వస్తుంది. సాధారణంగా 50 ఏళ్లు దాటినవారికి తొడలు, చేతివేళ్లు నెమ్మదిగా బలహీనపడే ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనే జబ్బు ఉంది. కండరం ముక్కలో పీ62 ముద్దలు కనిపించడం దాన్ని గుర్తించడానికి తోడ్పడుతుంది. ఈ జబ్బుకు స్టిరాయిడ్లు సాధారణంగా పనిచేయవు. కనుక ముందే తెలిస్తే ఆ మాత్రల బాధ రోగికి తప్పుతుంది.

ఉపవాసం ఉంటే ఆటోఫజీ పెరిగి క్యాన్సరు తగ్గుతుందట, మా ముక్కలో చూసి చెప్పండి అని కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. అలా చెప్పగల పరీక్ష లేదు. ఉపవాసం క్యాన్సరు చికిత్స కూడా కాదు. షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు.

మీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. ముక్క బయటికి తీసిన క్షణం నుండి దానిలోని ప్రోటీనులు మారిపోతుంటాయి. రొమ్ము క్యాన్సరు ముక్కను గంటలోపు ఫార్మాలిన్‌లో వేయాలని, 6 నుండి 72 గంటలు అందులో ఉంచాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీసా మీ చేతికిచ్చి ల్యాబుకు పంపితే, అందులో ఉన్నది ఫార్మాలినేనా అని నర్సమ్మను అడగండి. సెలైనులో ఉంచిన ముక్క పాడవుతుంది. దారిలో సీసా మూత తీయకండి, ఇంటికి తీసుకెళ్లి రేపు ఇద్దామనుకోకండి.

పెద్ద ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. రిపోర్టు నంబరు చెప్పి, కాగితం మీద రాసిచ్చి, బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి. కోసిన స్లైడ్లలో ప్రోటీనులు కాలం గడిచేకొద్దీ తగ్గిపోతాయి, కాబట్టి కొత్త పరీక్షకు బ్లాకే ముఖ్యం. అది మైనం, ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. పని అయ్యాక తిరిగి ల్యాబులో ఇచ్చి రసీదు తీసుకోండి.