హద్దురాయి చెరిగిన కొండ – గాలి జనార్దన్ రెడ్డి కేసు కథ

మాది బళ్లారి అని చెప్పంగానే బయటి ఊళ్ళ మనవాళ్ళు అడిగే మొదటి మాట గాలి జనార్దన్ రెడ్డి గురించే. షోలాపూర్ పెళ్ళికి పోయినా అంతే, యానాం నుంచి చుట్టాలు వచ్చినా అంతే. "ఏడేండ్లు శిక్ష పడిందన్నారు, మళ్ళీ ఎమ్మెల్యే ఎట్లయినాడు?" అంటారు. టీవీలో ఒక్కో రోజు ఒక్కో ముక్క చూస్తే ఎవరికీ అర్థం కాదు. అందుకని వరుసగా రాస్తున్నాను.

వాళ్ళది చిత్తూరు జిల్లా వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాయన చెంగారెడ్డి పోలీసు కానిస్టేబులు. కొడుకులు ముగ్గురు, కరుణాకర్ రెడ్డి, సోమశేఖర్ రెడ్డి, జనార్దన్ రెడ్డి. ఈయన 1990లలో పొదుపు డబ్బులు కట్టించుకునే కంపెనీ ఒకటి పెట్టినారు. అది మూతపడింది. 1999లో సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ ఇద్దరూ బళ్లారిలో పోటీ చేసినారు కదా, అప్పుడు అన్నదమ్ములు సుష్మా పక్కన నిలబడినారు. సోనియా గెలిచినారు గానీ వీళ్ళ పేరు ఢిల్లీ దాకా పోయింది.

ఆ తర్వాత గనులు. చైనా వాళ్ళు ఇనుప రాయి ఎంతుంటే అంత కొనే రోజులు వచ్చినాయి. ఓబుళాపురం మైనింగ్ కంపెనీ ఈయన చేతిలో ఉంది. 2006లో ఎమ్మెల్సీ అయినారు. 2008లో యడియూరప్ప ప్రభుత్వంలో పర్యాటక మంత్రి. అన్న కరుణాకర్ రెడ్డి, స్నేహితుడు శ్రీరాములు కూడా మంత్రులే. 2009లో ఈ వర్గం తిరగబడితే ముఖ్యమంత్రి టీవీలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఏడాదే తిరుమల స్వామికి వజ్రాల కిరీటం ఇచ్చినారు, విలువ 40 కోట్ల పైన అని పేపర్లు రాసినాయి. హెలికాప్టరులో తిరిగేవారు. బీద పిల్లలకు సామూహిక వివాహాలు చేయించినారు. మంగళసూత్రం, బట్టలు అందుకున్న ఇండ్లు మా వైపు ఎన్నో ఉన్నాయి, ఆ ఇండ్లల్లో ఆయన మీద చెడ్డ మాట ఈ రోజుకీ వినపడదు. వాళ్ళను నేను తప్పు పట్టను.

కేసు అర్థం కావాలంటే మాత్రం 1953కి పోవాలి. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాను చీల్చినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి. బళ్లారి మైసూరుకు వచ్చింది. మేము ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడేది ఆ గీత వల్లనే. ఊర్లకు ఆ గీత తెలుసు. కొండ మీద, అడవిలో దాన్ని చూపించేవి హద్దురాళ్ళు, గుర్తులే. ఓబుళాపురం గనులు ఆంధ్ర వైపు అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఉన్నాయి. కొండకు ఇవతలి పక్క బళ్లారి అడవి. లీజు అవతలి వైపుది, తవ్వింది ఇవతలి వైపు కూడా, హద్దు గుర్తులు లేకుండా చేసినారు అన్నది ఆరోపణ. రెండు రాష్ట్రాలు తేల్చుకోలేకపోతే సర్వే ఆఫ్ ఇండియా వచ్చి కొలవాల్సి వచ్చింది. చేను గట్టు జానెడు జరిపితే అన్నదమ్ములు కొట్టుకునే దేశం మనది. ఇక్కడ రాష్ట్రం గట్టే కనిపించకుండా పోయింది.

రెండో సంగతి ఒక్క మాటది. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ అని ఉక్కు ఫ్యాక్టరీ కడతామన్నారు. ఈ గనుల రాయి ఆ ఫ్యాక్టరీ సొంత వాడకానికే అని చెప్పి లీజు అడిగినారు. కడాకు వచ్చిన జీవోలో ఆ "సొంత వాడకం" మాట లేదు. మాట లేదు కాబట్టి రాయి ఓడలెక్కింది. ఫ్యాక్టరీ లేవలేదు. మిల్లులో రిజిస్టరులో ఒక అక్షరం తప్పితే మస్తరు రాసేవాడి జీతం కోసేవాళ్ళు. ప్రభుత్వం కాగితంలో మాట ఎట్లా జారుతుంది అన్నదాని చుట్టూనే ఈ కేసులో సగం వాదన నడిచింది.

2009 డిసెంబరులో ఆంధ్ర ప్రభుత్వం అడిగితే సీబీఐ కేసు పెట్టింది. 2011 జులైలో కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే ఇచ్చిన నివేదికలో అక్రమ గనుల వల్ల రాష్ట్రానికి 16,085 కోట్ల నష్టం అని లెక్క కట్టినారు. అది ఒక్క ఈయన లెక్క కాదు, అందరిదీ కలిపి. యడియూరప్ప దిగిపోయినారు. జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి గనులన్నీ ఆపించింది. సెప్టెంబరు 5 తెల్లవారుజామున సీబీఐ వాళ్ళు బళ్లారి ఇంటికి వచ్చి ఈయన్ను, బామ్మర్ది శ్రీనివాస రెడ్డిని హైదరాబాదుకు తీసుకుపోయినారు. చంచల్‌గూడ జైలు. బెయిలు కోసం జడ్జికి డబ్బులిచ్చినారని 2012లో ఇంకో కేసు, ఆ జడ్జి సస్పెండ్ అయినాడు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, బళ్లారి, అనంతపురం, కడప జిల్లాలకు పోకూడదని షరతు పెట్టింది.

గనులు ఆగిన ఆ ఏడాది మా వీధి చూసినవాళ్ళకు తెలుసు. టిప్పరు తోలే పిల్లలు, రాయి ఎత్తే కూలీలు, అప్పు చేసి లారీ కొన్నవాళ్ళు. ఫైనాన్సు వాళ్ళు లారీలు తీసుకుపోయినారు. వీళ్ళల్లో ఎవరి పేరూ ఏ ఎఫ్ఐఆర్‌లోనూ లేదు. హొసపేట రోడ్డు పక్క చేలల్లో మిరప చెట్ల మీద ఎర్ర దుమ్ము పట్టి పంట పోయిన రైతుల పేర్లు కూడా ఏ కాగితంలోనూ రాలేదు.

సొంత ఊరికి రాకూడదు కాబట్టి ఈయన గంగావతి చూసుకున్నారు. అది కొప్పళ జిల్లా, తుంగభద్ర కాలువల కింద వరి పండే చోటు. కాలువలు వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న తెలుగు రైతులు అక్కడ బాగా ఉన్నారు. 2022 డిసెంబరులో కళ్యాణ రాజ్య ప్రగతి పక్ష అని సొంత పార్టీ పెట్టి 2023లో గంగావతిలో గెలిచినారు. అదే ఎన్నికలో బళ్లారి నగరంలో భార్య అరుణ లక్ష్మి నిలబడితే, ఎదురుగా బీజేపీ తరఫున సొంత అన్న సోమశేఖర్ రెడ్డి. ఇద్దరూ ఓడినారు, కాంగ్రెస్ గెలిచింది. 2024 మార్చిలో పార్టీని బీజేపీలో కలిపేసినారు. అక్టోబరులో కోర్టు సడలింపుతో బళ్లారికి వస్తే జనం దండలు పట్టుకుని నిలబడినారు.

2025 మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు తీర్పు చెప్పింది. జనార్దన్ రెడ్డి, శ్రీనివాస రెడ్డి, పీఏ అలీఖాన్, అప్పటి ఆంధ్ర గనుల శాఖ డైరెక్టరు రాజగోపాల్‌కు ఏడేండ్లు జైలు. అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డిని, ఐఏఎస్ అధికారి కృపానందంను నిర్దోషులని వదిలేసినారు. కేసు పెట్టినప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లకు అప్పటికి ఓటు హక్కు వచ్చింది.

ఇప్పుడు చుట్టాలు అడిగే ప్రశ్న. రెండేండ్లకు తగ్గకుండా శిక్ష పడితే శాసనసభ్యత్వం పోతుందని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. ముందు అప్పీలుకు మూడు నెలలు గడువుండేది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే తీర్పు రోజు నుంచే గంగావతి సీటు పోయింది. శిక్ష అట్లే ఉంటే జైలు నుంచి బయటికొచ్చినాక కూడా ఆరేండ్లు పోటీ చేయకూడదు. అయితే జూన్‌లో తెలంగాణ హైకోర్టు అప్పీలు తేలేదాకా తీర్పు అమలు ఆపి బెయిలిచ్చింది. సభ్యత్వం తిరిగి వచ్చింది. కేసు కొట్టేసినట్టు కాదు, నిర్దోషి అన్నట్టూ కాదు. మా వీధిలో టపాకాయలు పేల్చినవాళ్ళకు ఈ తేడా చెప్పబోతే "తెలుగువాడై ఉండి నువ్వే అట్లంటే ఎట్ల మామా" అన్నారు. లారీ పోగొట్టుకున్న పిల్లలు కూడా తెలుగువాళ్ళే కదప్పా అన్నాను.

అప్పీలు హైకోర్టులో ఉంది. అది ఎటు తేలినా, రెండో పక్క సుప్రీంకోర్టుకు పోతుంది.