నాన్న, నేను, ఓ వ్యాను పందిరి

ఇంగ్లండ్‌లో వాన చెప్పి రాదు. అందుకే మా పాత క్యాంపర్ వ్యానుకి ఆనింగ్ కొన్నాను. అవసరమైనప్పుడు లాగి పరుచుకునే గుడ్డ పందిరి అన్నమాట. తీరా చూస్తే మా వ్యాను పైకప్పు ఇనుము కాదు, ఫైబర్‌గ్లాస్! డ్రిల్ పట్టుకున్నానే గానీ చెయ్యి ఆడలేదు.

గుంటూరు నుంచి వచ్చిన నాన్న కప్పు మీద వేలితో తట్టి చూశారు.

‘‘ఉత్త స్క్రూలు ఆగవమ్మా. మనింట్లో సిమెంటు రేకులకి వాషర్లు ఎందుకేశాం?’’ అన్నారు.

కిటుకు అదే! దాదాపు 20 కిలోల బరువు, పైగా గాలి. ఆ లాగుడంతా స్క్రూల మీదే పడితే ఫైబర్‌గ్లాస్ చీలిపోతుంది. అందుకే లోపలివైపు వెడల్పాటి అల్యూమినియం పట్టీలు పెట్టి, బోల్టులు బిగించాలనుకున్నాం. కన్నం వేసేచోట మాస్కింగ్ టేప్ అతికించాం, పైపూత పెచ్చులూడకుండా. కన్నాల్లో పాలీయురెథేన్ సీలెంట్ నింపాం, నీళ్లు దిగకుండా.

మీరూ బిగించుకుంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. వానలో ఒకవైపు కాలు కాస్త దించితే గుడ్డ మీద నీళ్లు నిలవవు. గాలి పెరిగితే మాత్రం వెంటనే చుట్టేయాలి.

చిన్నప్పుడు ఇంటి రేకులు వేసేటప్పుడు నాన్న అన్నయ్యనే పైకి ఎక్కించారు. ‘‘ఆడపిల్లవి, నీకెందుకు’’ అంటూ నన్ను కింద నిలబెట్టి వాషర్లు అందించమన్నారు. ఆ మాట ఇన్నేళ్లూ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఈసారి నిచ్చెన పట్టుకున్నది ఆయనే. ‘‘నువ్వెక్కు తల్లీ, వాషర్లు నేనందిస్తా’’ అన్నారు.

ఆ వారాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో ఒకటే వాన. పందిరి కింద ఇద్దరం వేడివేడి టీ తాగాం. లోపల ఒక్క చుక్క పడలేదు!